మొదటి చెల్లింపుకు ముందే మొదలయ్యే పని: అమెరికాలో కాంట్రాక్టర్లకు డబ్బిచ్చే వ్యాపారులకు 1099-ఎన్‌ఇసి మార్గదర్శిని

అమెరికాలో చిన్న వ్యాపారం నడుపుతున్నవారిలో చాలామందికి, కాంట్రాక్టర్లకు ఇచ్చిన డబ్బును పన్నుల శాఖకు తెలిపే 1099 ఫారం సంగతి జనవరి మూడో వారంలో గుర్తుకొస్తుంది. ఏడాది పొడవునా పని చేసిపెట్టిన వెబ్‌సైట్ డిజైనరు, గంటల లెక్కన వచ్చిన ప్రోగ్రామరు, రాత్రిళ్లు ఆఫీసు శుభ్రం చేసిన మనిషి, పద్దులు చూసిన అకౌంటెంటు, వీరందరి అసలు పేర్లు, చిరునామాలు, పన్ను గుర్తింపు సంఖ్యలు పది రోజుల్లో పోగుచేయవలసి వస్తుంది. అప్పటికి కొందరు ఊరు మారి ఉంటారు, కొందరు ఫోన్ ఎత్తరు, డబ్బు పూర్తిగా ముట్టినవారికి జవాబిచ్చే తొందర ఎలాగూ ఉండదు. ఈ చిక్కు జనవరిలో పుట్టింది కాదు. మొదటి చెల్లింపు రోజున ఒక కాగితం అడగకపోవడం వల్ల పుట్టింది. అందుకని ఈ మార్గదర్శినిని గడువు తేదీతో కాకుండా, పని ఒప్పుకున్న రోజుతో మొదలుపెడుతున్నాను.

ముందుగా ఈ ఫారం స్వభావం తెలుసుకోవాలి. ఉద్యోగికి జీతమిచ్చేటప్పుడు యజమానే ఆదాయపు పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మినహాయించి ప్రభుత్వానికి జమచేస్తాడు. ఇండిపెండెంట్ కాంట్రాక్టరుకు మాత్రం బిల్లు మొత్తం చేతికి వెళుతుంది, పన్ను లెక్క అతనే చూసుకుంటాడు. ఆ ఆదాయం ఎంతో ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) తెలియజేసే బాధ్యతను చట్టం డబ్బిచ్చిన వ్యాపారంపై పెట్టింది. ఆ సమాచారం 2019 పన్ను సంవత్సరం వరకు 1099-మిస్క్ అనే ఫారంలోని 7వ గడిలో వెళ్లేది, 2020 నుంచి దానికి 1099-ఎన్‌ఇసి అనే ప్రత్యేక ఫారం వచ్చింది. దీనితోపాటు మీరు పన్నేమీ కట్టనక్కరలేదు, ఇది కేవలం సమాచార పత్రం. అయితే సమాచారమే కదా అని ఊరుకుంటే వచ్చే జరిమానాలు మాత్రం నిజమైన డబ్బే.

అతను నిజంగా కాంట్రాక్టరేనా?

ఇక్కడ తప్పు జరిగితే తర్వాత ఎన్ని ఫారాలు సక్రమంగా నింపినా ప్రయోజనం ఉండదు కాబట్టి, ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఒప్పంద పత్రంలో ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ అని రాసుకున్నంత మాత్రాన, అతను కోరి మరీ 1099 ఇమ్మన్నంత మాత్రాన అతను కాంట్రాక్టరైపోడు. ఐఆర్‌ఎస్ మూడు కోణాల నుంచి చూస్తుంది. పని ఎలా చేయాలో, ఏ వేళల్లో చేయాలో, ఏ వరుసలో చేయాలో చెప్పే అధికారం మీ చేతిలో ఉందా అన్నది మొదటిది. ఆ అధికారాన్ని మీరు వాడకపోయినా, ఉంటే చాలు, అది లెక్కలోకి వస్తుంది. పనిముట్లు ఎవరివి, ఖర్చులు ఎవరు భరిస్తారు, ఆ మనిషికి నష్టం వచ్చే అవకాశం ఉందా, మరికొందరు ఖాతాదారులకు కూడా పని చేస్తున్నాడా అన్నవి రెండో కోణం. సంబంధం ఎలాంటిది, అంటే ఆరోగ్య బీమా, సెలవు జీతం లాంటివి ఇస్తున్నారా, పని ఒక ప్రాజెక్టుతో ముగుస్తుందా లేక ఎప్పటిదాకా అన్నది లేకుండా సాగుతోందా, అతను చేసేది మీ వ్యాపారానికి ప్రధానమైన పనేనా అన్నది మూడోది. వీటిలో ఏ ఒక్కటీ సొంతంగా తీర్పు చెప్పదు, అన్నీ కలిపి తూచవలసిందే.

ఎటూ తేలనప్పుడు ఎస్‌ఎస్-8 అనే ఫారం ద్వారా ఐఆర్‌ఎస్‌నే నిర్ణయించమని అడగవచ్చు. జవాబుకు నెలలు పడుతుంది గనుక వ్యాపారులు దాన్ని వాడటం అరుదు. పని మానేసిన కాంట్రాక్టర్లు అదే ఫారం పంపే హక్కు కలిగి ఉన్నారన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవడం మంచిది.

ఉద్యోగిని పొరపాటున కాంట్రాక్టరుగా చూపించారని తర్వాత తేలితే, 1099 ఇచ్చారా లేదా అన్నదాన్ని బట్టి భారం మారుతుంది. పన్ను చట్టంలోని 3509వ సెక్షన్ ప్రకారం, ఆ పొరపాటు కావాలని చేసింది కాకపోతే, 1099 దాఖలు చేసిన యజమాని ఆదాయపు పన్ను కింద వేతనంలో 1.5 శాతం, ఉద్యోగి వాటాగా కట్టవలసిన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులలో 20 శాతం చెల్లించాలి. దాఖలు చేయనివాడికి అవే రేట్లు 3 శాతం, 40 శాతం అవుతాయి. యజమాని సొంత వాటా రెండు సందర్భాల్లోనూ పూర్తిగా కట్టవలసిందే. 1978 రెవెన్యూ చట్టంలోని 530వ సెక్షన్ కింద ఆ బాకీ నుంచే ఉపశమనం దొరికే మార్గం ఒకటి ఉంది. అలా చూపించడానికి సహేతుకమైన ఆధారం ఉండటం, అదే రకం పని చేసేవారందరినీ ఒకేలా చూడటం అనే షరతులతోపాటు, ఆ మనిషికి 1099 క్రమం తప్పకుండా ఇచ్చి ఉండటం కూడా అందులో ఒక షరతు. ఫారం ఇస్తే దొరికిపోతామేమోనని మానేసేవారు ఈ రెండు సెక్షన్లనూ ఒకసారి చదవాలి.

రాష్ట్రాల కొలబద్దలు వేరుగా ఉండవచ్చు. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి అమలులో ఉన్న ఏబీ5 చట్టం కింద వాడే ఏబీసీ పరీక్ష (కాంట్రాక్టరెవరో తేల్చే మూడు షరతుల కొలబద్ద) ఐఆర్‌ఎస్ పద్ధతి కంటే చాలా కఠినమైనది. ఫెడరల్ పన్నుకు కాంట్రాక్టరైన మనిషి రాష్ట్ర చట్టానికి ఉద్యోగి కావచ్చు.

డబ్ల్యూ-9: ఇది లేనిదే చెక్కు కదలకూడదు

కాంట్రాక్టరేనని తేల్చుకున్నాక, పని మొదలయ్యేలోపు, కనీసం మొదటి చెల్లింపులోపు, పేరు, చిరునామా, పన్ను గుర్తింపు సంఖ్య రాసిచ్చే డబ్ల్యూ-9 ఫారాన్ని అతని చేత నింపించి సంతకం తీసుకోవాలి. ఇది ఐఆర్‌ఎస్‌కు పంపేది కాదు, మీ ఫైల్లో ఉంచుకునేది. ఏడాదికి ఎంత ఇస్తామో ముందుగా తెలియదు గనుక, మొత్తం 1099 ఇవ్వవలసిన పరిమితిని దాటుతుందా లేదా అని ఊహించకుండా అందరి దగ్గరా తీసుకోవడమే తేలిక. డబ్ల్యూ-9 ఇచ్చాకే బిల్లు మంజూరవుతుందని ఒప్పందంలోనే ఒక వాక్యం రాసుకుంటే, తర్వాత ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు.

ఫారం చేతికొచ్చాక దాన్ని అలాగే ఫైల్లో పెట్టేయకుండా చదవాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఒకే యజమాని ఉన్న ఎల్‌ఎల్‌సిల (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీల) దగ్గర. అలాంటి ఎల్‌ఎల్‌సి కార్పొరేషన్‌గా పన్ను కట్టే ఎంపిక చేసుకోకపోతే, పన్ను దృష్టిలో దానికి వేరే అస్తిత్వం లేదు. కాబట్టి మొదటి వరుసలో యజమాని సొంత పేరు, రెండో వరుసలో ఎల్‌ఎల్‌సి పేరు రావాలి, సంఖ్య కూడా యజమానిదే అయి ఉండాలి. మొదటి వరుసలో ఎల్‌ఎల్‌సి పేరు రాసి, కింద యజమాని సోషల్ సెక్యూరిటీ నంబరు వేస్తే ఆ రెండూ ఐఆర్‌ఎస్ రికార్డులో కలవవు, ఏడాది తర్వాత మీకు నోటీసు వస్తుంది. ఎల్‌ఎల్‌సి అన్న గడి ఎంచుకున్నవారు దాని పక్కన సి (సి కార్పొరేషన్), ఎస్ (ఎస్ కార్పొరేషన్), పి (భాగస్వామ్యం) అక్షరాలలో ఒకటి రాశారో లేదో చూడాలి. పేరు చివర ఎల్‌ఎల్‌సి అని కనబడగానే అది కార్పొరేషనే, 1099 అక్కరలేదు అనుకోవడం నేను పదేపదే చూసిన పొరపాటు.

గత రెండు పన్ను సంవత్సరాలలో ఇలాంటి ఫారాలు దాఖలు చేసిన వ్యాపారాలు ఐఆర్‌ఎస్ ఈ-సర్వీసెస్‌లో ఉండే టిన్ (పన్ను గుర్తింపు సంఖ్య) మ్యాచింగ్ అనే ఉచిత సదుపాయానికి నమోదు చేసుకోవచ్చు. పేరు, సంఖ్య జతలను ఒకసారికి 25 వరకు అందులో వేసి సరిచూసుకోవచ్చు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం దీనికి కేటాయిస్తే తర్వాతి ఉత్తర ప్రత్యుత్తరాలు చాలావరకు తప్పుతాయి.

కాంట్రాక్టరు సంఖ్య ఇవ్వనంటే ఏం చేయాలి? అప్పుడు బ్యాకప్ విత్‌హోల్డింగ్ అమలులోకి వస్తుంది, అంటే అతనికిచ్చే మొత్తంలో 24 శాతం పట్టి ఉంచి ఐఆర్‌ఎస్‌కు జమచేయాలి. ఏడాదిలో పట్టిన మొత్తాన్ని ఫారం 945లో చూపాలి. పట్టకుండా పూర్తిగా ఇచ్చేస్తే, ఆ 24 శాతానికి మీరే జవాబుదారీ కావలసి రావచ్చు. సంఖ్య ఇవ్వడానికి తటపటాయించేవారికి ఈ నిబంధనను మర్యాదగా చెప్పి చూడండి, సాధారణంగా ఫారం వచ్చేస్తుంది.

ఎవరికి ఇవ్వాలి, ఎంత దాటితే ఇవ్వాలి

2025లో చేసిన చెల్లింపుల వరకు పరిమితి 600 డాలర్లు. దశాబ్దాలుగా కదలని ఆ అంకెను 2025 జూలై 4న సంతకమైన చట్టం మార్చింది. 2026 జనవరి 1 నుంచి చేసే చెల్లింపులకు పరిమితి 2,000 డాలర్లు, 2027 నుంచి ధరల పెరుగుదలను బట్టి అది సవరణకు లోనవుతుంది. ఒక వ్యక్తికి ఒక క్యాలెండరు సంవత్సరంలో చేసిన చెల్లింపులన్నీ కలిపి ఈ అంకెను చూడాలి, ఒక్కో బిల్లును విడిగా కాదు. పరిమితి పెరిగిందంటే అంతకు తక్కువ ఆదాయంపై కాంట్రాక్టరుకు పన్ను లేదని అర్థం కాదు. అతనికి ఫారం రాకపోయినా ఆదాయం చూపవలసిందే, స్వయం ఉపాధిపై నికర ఆదాయం 400 డాలర్లకు చేరితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను (స్వయం ఉపాధి పొందేవారు కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను) కూడా లెక్కకొస్తుంది.

వ్యాపార నిమిత్తం చేసిన చెల్లింపులకే ఈ నియమం. ఇంటి పెరడు బాగుచేయించుకున్నందుకు తోటమాలికి ఇచ్చిన డబ్బుకు ఫారం అక్కరలేదు, అదే మనిషి మీ ఆఫీసు ముందు గడ్డి కోస్తే కావాలి. లాభాపేక్ష లేని సంస్థలకు కూడా ఇది వర్తిస్తుంది. పనిలో భాగంగా వాడిన సామాను ఖరీదు బిల్లులో కలిసి ఉంటే అదీ మొత్తంలోకి వస్తుంది, కేవలం సరుకు కొన్నదైతే రాదు. ప్రయాణ ఖర్చులకు కాంట్రాక్టరు మీకు రసీదులతో లెక్క అప్పజెప్పితే ఆ తిరిగిచ్చిన సొమ్మును వదిలేయవచ్చు, లెక్క చెప్పకుండా తీసుకున్నదైతే కలపాలి. ఏ సంవత్సరపు ఫారమన్నది డబ్బు చెల్లించిన తేదీ నిర్ణయిస్తుంది గనుక, డిసెంబరులో చేసిన పనికి జనవరిలో ఇచ్చిన సొమ్ము కొత్త సంవత్సరంలోకి వెళుతుంది.

డబ్బు ఏ దారిన వెళ్లిందన్నది మరో ముఖ్యమైన విషయం, బహుశా అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది. క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు ద్వారా, లేదా వ్యాపార చెల్లింపులు నడిపే మధ్యవర్తి సంస్థల ద్వారా ఇచ్చిన మొత్తాన్ని మీరు 1099-ఎన్‌ఇసిలో చూపకూడదు. ఆ సంస్థలు తమ నిబంధనల ప్రకారం 1099-కె ఇస్తాయి, మీరూ చూపితే అదే ఆదాయం రెండుసార్లు నమోదవుతుంది. నగదు, చెక్కు, బ్యాంకు బదిలీ మీ లెక్కలోకి వస్తాయి. జెల్ కూడా ఇందులోనే చేరుతుంది, ఎందుకంటే అది బ్యాంకు ఖాతాల మధ్య నేరుగా జరిగే బదిలీ, దానికి 1099-కె రాదు. యాప్‌లో స్నేహితులకు, బంధువులకు పంపే పద్ధతిలో ఇచ్చినదానికీ అది రాదు గనుక అదీ మీ బాధ్యతే. ఉదాహరణకు 2026లో ఒక డిజైనరుకు జెల్ ద్వారా 2,300 డాలర్లు, కార్డు ద్వారా 1,200 డాలర్లు ఇచ్చారనుకుందాం. ఫారంలో 2,300 మాత్రమే రాయాలి. జెల్ ద్వారా ఇచ్చింది 1,400, కార్డు మీద 1,900 అయితే, మొత్తం 3,300 అయినా ఫారమే అక్కరలేదు. పద్దుల సాఫ్ట్‌వేర్‌లో చెల్లింపు మార్గాన్ని ప్రతిసారీ సరిగా నమోదు చేసుకోకపోతే ఈ విడదీత ఏడాది చివర ఎవరికీ సాధ్యం కాదు.

సి కార్పొరేషన్, ఎస్ కార్పొరేషన్‌లకు సాధారణంగా ఫారం అక్కరలేదు. న్యాయవాదులు దీనికి మినహాయింపు, వారి సంస్థ కార్పొరేషనైనా సరే, ఫీజును 1099-ఎన్‌ఇసిలో చూపాలి. ఒక దావా పరిష్కారంలో భాగంగా అవతలి పక్షం న్యాయవాదికి వెళ్లిన సొమ్ము మాత్రం 1099-మిస్క్ 10వ గడిలోకి వెళుతుంది. వైద్య సేవలకు ఇచ్చినవి, ఆఫీసు అద్దె కూడా మిస్క్‌లోనే. అద్దెను ప్రాపర్టీ మేనేజరుకో, రియల్ ఎస్టేట్ ఏజెంటుకో చెల్లిస్తుంటే ఆ ఫారం బాధ్యత మీది కాదు.

అమెరికా పౌరుడు గానీ పన్ను నివాసి గానీ కాని వ్యక్తి విదేశంలో కూర్చునే పని చేస్తే, ఆ ఆదాయం విదేశీ మూలంగా లెక్కకొస్తుంది, 1099 ఉండదు. అతని దగ్గర డబ్ల్యూ-9కు బదులు, విదేశీయుడినని ధ్రువీకరించే డబ్ల్యూ-8బెన్, అది సంస్థ అయితే డబ్ల్యూ-8బెన్-ఇ తీసుకుని ఉంచాలి. అది సాధారణంగా సంతకం చేసిన సంవత్సరం తర్వాత మూడో సంవత్సరం చివరి దాకా చెల్లుతుంది. అదే మనిషి రెండు వారాలు అమెరికా వచ్చి ఇక్కడ పని చేసి వెళితే కథ మారుతుంది. ఆ రోజుల చెల్లింపుపై, పన్ను ఒప్పందం మినహాయిస్తే తప్ప, 30 శాతం పట్టి ఉంచి 1042-ఎస్ ఫారంలో చూపవలసి వస్తుంది. కాబట్టి విదేశీ కాంట్రాక్టరు బిల్లులో పని ఎక్కడ చేశాడో రాయమని అడగడం మంచి అలవాటు.

దాఖలు, గడువు, జరిమానా

1099-ఎన్‌ఇసికి గడువు జనవరి 31. కాంట్రాక్టరుకు ఇచ్చే ప్రతికీ, ఐఆర్‌ఎస్‌కు పంపే ప్రతికీ అదే తేదీ. ఆ రోజు శనివారమో ఆదివారమో అయితే తర్వాతి పని దినానికి జరుగుతుంది. 2026 చెల్లింపుల ఫారాలకు 2027 జనవరి 31 ఆదివారం కనుక ఫిబ్రవరి 1 దాకా సమయం ఉంటుంది. ఈ ఫారానికి గడువు పొడిగింపు దానంతటది రాదు. పొడిగింపు కోరే ఫారం 8809ను కాగితం మీద పంపి, నిర్ణీత కారణాలలో ఒకటి చూపితేనే 30 రోజులు ఇస్తారు.

ఉద్యోగుల జీతాలు చూపే డబ్ల్యూ-2లతో సహా అన్ని రకాల సమాచార పత్రాలు కలిపి పదికి చేరితే ఎలక్ట్రానిక్‌గానే దాఖలు చేయాలి. నలుగురు ఉద్యోగులు, ఆరుగురు కాంట్రాక్టర్లు ఉన్న చిన్న దుకాణం కూడా ఈ నియమం కిందికి వచ్చేస్తుంది. ఐఆర్‌ఎస్ నడిపే ఐరిస్ పోర్టల్ ఉచితం, వివరాలను చేత్తో నింపవచ్చు లేదా సీఎస్‌వీ ఫైలుగా ఎక్కించవచ్చు. దాన్ని వాడటానికి ముందుగా ఒక కంట్రోల్ కోడ్‌కు దరఖాస్తు చేసుకోవాలి, అది రావడానికి వారాలు పట్టవచ్చు గనుక శరదృతువులోనే అడిగి ఉంచుకోండి. కాగితం మీద పంపేవారు సారాంశ పత్రమైన 1096 ఫారాన్ని జతచేయాలి. ఐఆర్‌ఎస్‌కు పంపే, ఎర్ర సిరాతో అచ్చైన ‘కాపీ ఏ’ అనే ప్రతిని వెబ్‌సైట్ నుంచి సొంత ప్రింటరులో తీసి పంపకూడదు, యంత్రం దాన్ని చదవలేదు. కాంట్రాక్టరుకు ఇచ్చే ప్రతిలో అతని సంఖ్యలోని మొదటి అంకెలను నక్షత్రాలతో కప్పవచ్చు, ఐఆర్‌ఎస్ ప్రతిలో కప్పకూడదు. అతనికి ఈమెయిలులోనో, పోర్టల్‌లోనో ఇవ్వాలంటే ముందుగా అతని సమ్మతి తీసుకోవాలి.

2026లో గడువు పడే ఫారాలకు జరిమానా ఇలా ఉంటుంది: 30 రోజుల్లోపు దాఖలు చేస్తే ఒక్కో ఫారానికి 60 డాలర్లు, ఆగస్టు 1లోపైతే 130, ఆ తర్వాతైతే లేదా అసలే చేయకపోతే 340. ఐఆర్‌ఎస్‌కు పంపనందుకు ఒకటి, కాంట్రాక్టరుకు ఇవ్వనందుకు మరొకటి, అంటే ఒకే మనిషి విషయంలో 680 దాకా పోవచ్చు. తెలిసీ నిర్లక్ష్యం చేశారని తేలితే ఒక్కో ఫారానికి కనీసం 680, పైగా గరిష్ఠ పరిమితి కూడా ఉండదు. గడువు దాటిందని గుర్తించినప్పుడు వచ్చే ఏడాది చూద్దామనుకోవడం కంటే ఆ వారమే దాఖలు చేయడం చౌక. సొంత పేరున వ్యాపారం చేసేవారు లాభనష్టాలు చూపే షెడ్యూల్ సి పత్రంలో, 1099లు ఇవ్వవలసిన చెల్లింపులు చేశారా, ఇచ్చారా అని రెండు ప్రశ్నలు సూటిగా ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాటికి జవాబిచ్చి సంతకం చేసేది మీరే.

మొత్తంలో తప్పు దొర్లితే సవరణ ఫారం పంపాలి. తేడా 100 డాలర్లకు మించకపోతే, కాంట్రాక్టరు ప్రత్యేకంగా అడిగితే తప్ప, సవరించనక్కరలేదు. చాలా రాష్ట్రాలకు ఐఆర్‌ఎస్ నుంచే ఈ సమాచారం చేరే ఉమ్మడి కార్యక్రమం ఉన్నా, కొన్ని రాష్ట్రాలు తమకు విడిగా దాఖలు చేయమంటాయి. కాలిఫోర్నియా అయితే కాంట్రాక్టరును పెట్టుకున్న తొలి రోజుల్లోనే డీఈ 542 అనే మరో నివేదిక అడుగుతుంది.

పేరు, సంఖ్య కలవకపోతే ఐఆర్‌ఎస్ నుంచి సీపీ2100 లేదా సీపీ2100ఏ నోటీసు వస్తుంది. అందులోని వివరాలను మీ డబ్ల్యూ-9తో పోల్చండి. తప్పు మీరు ఎక్కించడంలో జరిగిందైతే రికార్డు సరిదిద్దుకుంటే చాలు. అలా కాకపోతే 15 పని దినాలలోపు కాంట్రాక్టరుకు మొదటి బి-నోటీసు (పేరు, సంఖ్య సరిదిద్దమని కోరే ఉత్తరం), కొత్త డబ్ల్యూ-9 ఫారం పంపాలి. అతను స్పందించకపోతే, ఐఆర్‌ఎస్ నోటీసు మీకు అందిన 30 పని దినాల తర్వాత 24 శాతం పట్టడం మొదలుపెట్టాలి. మూడేళ్లలోపు అదే ఖాతాకు రెండోసారి నోటీసు వస్తే ఇంకో డబ్ల్యూ-9 సరిపోదు. సోషల్ సెక్యూరిటీ నంబరైతే ఆ కార్డు నకలు, ఇఐఎన్ (వ్యాపారాలకు ఐఆర్‌ఎస్ కేటాయించే సంఖ్య) అయితే ఐఆర్‌ఎస్ ఇచ్చే 147సి ఉత్తరం ధ్రువీకరణగా తెమ్మనాలి. దాఖలు చేసిన ఫారాల ప్రతులను గడువు తేదీ నుంచి కనీసం మూడేళ్లు, బ్యాకప్ విత్‌హోల్డింగ్ పట్టి ఉంటే నాలుగేళ్లు దాచాలి. డబ్ల్యూ-9లను, నోటీసు పంపిన తేదీల నకళ్లను కూడా వాటితోపాటే ఉంచితే, జరిమానా రద్దు చేయమని సహేతుక కారణం చూపవలసి వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.